చెస్ పుస్తకాన్ని సరదాకి చదవడం ఎలా

నేను కొన్న మొదటి చెస్ పుస్తకంలో 34వ పేజీ దగ్గర పెట్టిన బస్సు టికెట్ ఇప్పటికీ అక్కడే ఉంది. ఆ పేజీ దాటలేదు మరి. ఆట మొదలుపెట్టే పద్ధతుల్లో ఒకటైన సిసిలియన్ డిఫెన్స్‌లో ఒకే ఒక్క లైను, అంటే ఒకే ఒక్క ఎత్తుల వరస మీద రాసిన లావుపాటి పుస్తకం అది. పేజీకి పది పదిహేను మాటలుంటే గొప్ప. మిగతాదంతా ఎత్తులు, ఎత్తుల మధ్య బ్రాకెట్లు, బ్రాకెట్లలో మళ్ళీ బ్రాకెట్లు. వారం రోజులు కుస్తీ పట్టి, చెస్ పుస్తకాలు మనకి పడవులే అని తేల్చేసుకున్నాను.

తప్పు పుస్తకానిది కాదు. టోర్నమెంట్లకి తయారయ్యేవాళ్ల కోసం రాసిన దాన్ని నేను ఆదివారం మధ్యాహ్నం కాలక్షేపానికి తీశాను. రైల్వే టైమ్‌టేబుల్ తెరిచి కథ ఎప్పుడు మొదలవుతుందా అని ఎదురుచూసినట్టయింది నా పని.

చాలా రోజుల తర్వాత ఒక స్నేహితుడు తన పాత పుస్తకం ఒకటి చేతిలో పెట్టి, "బోర్డు తియ్యకు, ఊరికే చదువు" అన్నాడు. అందులో ఒక నీటిగుర్రం కథ ఉంది. అది కాసేపట్లో చెబుతాను. ఆ రాత్రి రెండింటి దాకా చదివాను. కూర్చుని, బోర్డు పెట్టుకుని, పెన్సిల్ పట్టుకుని చదవాల్సిన పుస్తకాలు వేరు, పక్క మీద వాలి చదివేవి వేరు అని అప్పుడు తెలిసొచ్చింది. ఇక్కడ రాసేదంతా పక్క మీద చదివే వాటి గురించి. పావులు ఎలా కదులుతాయో తెలిస్తే చాలు, మీ రేటింగ్ ఎంతన్నది అనవసరం.

ఇంకొక్క మాట. ఏనుగు, శకటం, ఒంటె, మంత్రి అంటూ పావుల్ని ఒక్కొక్కరు ఒక్కోలా పిలుస్తారు. గందరగోళం లేకుండా నేను రూక్, బిషప్, క్వీన్ అనే రాస్తాను. రాజు రాజే, గుర్రం గుర్రమే, బంటు బంటే.

1. "దీనివల్ల ఆట పెరుగుతుందా?" అని అడగడం మానండి

ఈ ప్రశ్న పట్టుకుని వెళ్తే ఎవరైనా మీకు ఎండ్‌గేమ్ (కొద్ది పావులే మిగిలిన ఆట చివరి దశ) పుస్తకమే చూపిస్తారు. అది మంచిదే కావచ్చు, కానీ మీరు వెతుకుతున్నది అది కాదు. ఈ పుస్తకంలో ఎవరున్నారు, వాళ్లకి ఏం జరిగింది అని అడగండి. ఆట కూడా కొంచెం పెరుగుతుంది, కాదనను. కాకపోతే అది లెక్కలోకి తీసుకోకండి.

2. పది నిమిషాలు నొటేషన్ కోసం ఖర్చుపెట్టండి

నొటేషన్ అంటే ఎత్తులు రాసే పద్ధతి. దీన్ని తప్పించుకోలేరు, కానీ పది నిమిషాల పనే. తెల్లపావుల వైపు నుంచి చూస్తే ఎడమ నుంచి కుడికి నిలువు వరసలు ఏ నుంచి హెచ్ దాకా, కింది నుంచి పైకి అడ్డ వరసలు 1 నుంచి 8 దాకా. ఈ రెండూ కలిస్తే గడి పేరు: ఈ4, ఎఫ్3, డీ8. గడి పేరుకి ముందు ఏ పావో చెప్పే అక్షరం ఒకటి ఉంటుంది. గుర్రానికి ఎన్ ఎందుకంటే కే అక్షరం అప్పటికే రాజుకి పోయింది. బంటుకి అక్షరమే ఉండదు. ఇంటూ గుర్తు ఉంటే చంపినట్టు, ప్లస్ ఉంటే చెక్.

వీటికన్నా ముఖ్యమైనవి ఎత్తు పక్కన పెట్టే ఆశ్చర్యార్థకాలు, ప్రశ్నార్థకాలు. ! అంటే మంచి ఎత్తు. ? అంటే తప్పు. ?? అంటే కొంప ముంచిన ఎత్తు. !? అంటే సాహసం, చూడదగ్గదే. ?! అంటే అనుమానమే. ఇవి తెలిస్తే ఎత్తులు పూర్తిగా అర్థం కాకపోయినా కథ ఎటు నడుస్తోందో తెలిసిపోతుంది. వరసగా మూడు ! గుర్తులు కనిపించాయంటే అక్కడ ఆగి బోర్డు పెట్టడం వృథా పోదు.

పాత పుస్తకాలతో ఒక చిక్కుంది. ఈ4 అని రాయాల్సిన చోట వాటిలో "పీ-కే4" అని ఉంటుంది, అంటే బంటు రాజు ముందున్న నిలువు వరసలో నాలుగో గడికి అని. అంత వరకు బాగానే ఉంటుంది. నల్లపావుల ఎత్తు వచ్చేసరికి గళ్లని వాళ్ల వైపు నుంచి లెక్కపెట్టాలి, అంటే ఒకే గడికి రెండు పేర్లు. నాలుగు ఆటలు ఆడిచూస్తే అలవాటైపోతుంది, కానీ మొదటి పుస్తకానికే ఆ తలనొప్పి ఎందుకు? కొనేముందు ఏదో ఒక ఆట తెరిచి చూడండి. పీ-కే4 కనిపిస్తే, అదే పుస్తకం కొత్త నొటేషన్‌లో దొరుకుతుందేమో వెతకండి. పేరున్న పాత పుస్తకాలు చాలావరకు మళ్ళీ అచ్చయ్యాయి.

3. మధ్యలో పేజీ తెరిచి చూడండి

అట్ట వెనక రాసింది నమ్మకండి. ముందుమాట అసలే నమ్మకండి, అక్కడ అందరూ బాగానే రాస్తారు. సరిగ్గా మధ్యలో తెరవండి. ఆ పేజీలో మాటలెన్ని, ఎత్తులెన్ని? సగానికి సగమైనా మాటలుంటే ఆశ ఉంది. బోర్డు బొమ్మలు పేజీకి ఒకటో రెండో ఉన్నాయా? ఉంటే బోర్డు తీయకుండానే చదవొచ్చు. ఆ తర్వాత ఒక పేరా చదవండి. చెస్ రాని మనిషికి అది వినిపిస్తే ఆసక్తిగా వింటాడా? నేనైతే ఈ చివరి పరీక్షకే ఎక్కువ విలువిస్తాను.

4. బోర్డు అక్కర్లేని వాటితో మొదలుపెట్టండి

స్టెఫాన్ త్స్వైగ్ రాసిన చెస్ కథ ఉంది, జర్మన్‌లో దాని పేరు షాఖ్‌నోవెల్లె. 1942లో, ఆయన చనిపోయాక అచ్చయింది. చిన్న పుస్తకం, ఒక సాయంత్రం చాలు. న్యూయార్క్ నుంచి బ్యూనస్ ఎయిర్స్ వెళ్తున్న ఓడలో ప్రపంచ ఛాంపియన్ ఉంటాడు. చెస్ తప్ప మరేమీ తెలియని మొరటు మనిషి. అదే ఓడలో ఇంకొకాయన ఉంటాడు. నాజీలు ఆయన్ని ఒక హోటల్ గదిలో ఒంటరిగా బంధించారు. పుస్తకం లేదు, కాగితం లేదు, మాట్లాడే మనిషి లేడు. విచారణకి తీసుకెళ్లినప్పుడు వేలాడుతున్న ఒక కోటు జేబులో పుస్తకం కనిపిస్తే దొంగిలిస్తాడు. ఏ కావ్యమో అయుంటుందని ఆశపడి గదికొచ్చి చూస్తే 150 చెస్ ఆటల సంకలనం! ఉసూరుమంటాడు. చేసేదేం లేక గళ్ల దుప్పటిని బోర్డు చేసుకుని, రొట్టె పిసికి పావులు చేసుకుని ఆ ఆటలే ఆడటం మొదలుపెడతాడు. అక్కడి నుంచి ఏమవుతుందో నేను చెప్పను. నేను 34వ పేజీ దగ్గర వదిలేసిన లాంటి పుస్తకమే ఒక మనిషికి ప్రాణాధారం కావడం, తర్వాత అదే ప్రాణం మీదికి రావడం ఇందులో కనిపిస్తుంది.

నబోకోవ్ నవల ద లూజిన్ డిఫెన్స్ 1930 నాటిది. బరువైనది, త్స్వైగ్ నచ్చితే ఆ తర్వాత తీయండి. వాల్టర్ టెవిస్ 1983లో రాసిన ద క్వీన్స్ గాంబిట్‌ని సిరీస్‌గా చూసేసినవాళ్లు కూడా చదవొచ్చు. ఎత్తులు ఏమిటో మనకి సరిగా తెలియకపోయినా ఆటలోని టెన్షన్ ఎలా పుడుతుందో అందులో చూడాలి. ప్రేమ్‌చంద్ కథ శత్‌రంజ్ కే ఖిలాడీ (1924) కొద్ది పేజీలే. రాజ్యం పోతున్నా బోర్డు ముందు నుంచి లేవని ఇద్దరు మిత్రుల కథ. నవ్విస్తూనే చురక పెడుతుంది. ఇంట్లో పిల్లలుంటే లూయిస్ కరోల్ రాసిన ఆలిస్ రెండో పుస్తకం, థ్రూ ద లుకింగ్ గ్లాస్ తీయండి. అందులో ఆలిస్ ఒక తెల్ల బంటు, ఒక్కో గడీ దాటుకుంటూ ఎనిమిదో వరసకి చేరి క్వీన్ అవుతుంది.

నిజ జీవిత కథలు కావాలంటే బాబీ ఫిషర్‌ని మించినవాడు లేడు. 1972లో రేక్యవిక్‌లో స్పాస్కీతో ఆడిన ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో మొదటి ఆట ఓడాడు, రెండో ఆటకి అసలు రానే లేదు. సున్నా, రెండు దగ్గర నుంచి లేచి 12.5, 8.5తో గెలిచాడు. ఆ మ్యాచ్ గురించే చదవాలంటే ఎడ్మండ్స్, ఐడినోవ్ కలిసి రాసిన బాబీ ఫిషర్ గోస్ టు వార్. మనిషి గురించి చదవాలంటే ఫ్రాంక్ బ్రేడీ రాసిన ఎండ్‌గేమ్ (2011). పేరు చూసి భయపడకండి, అది ఎండ్‌గేమ్ పాఠం కాదు, జీవిత చరిత్ర. బ్రేడీకి ఫిషర్ చిన్నప్పటి నుంచీ తెలుసు. చివరి అధ్యాయాలు మాత్రం మనసుని పిండేస్తాయి, అందుకే దాన్ని రాత్రి పూట ముగించవద్దని నా సలహా. ఆనంద్ ఆలోచనా తీరు ఆయన మాటల్లోనే వినాలంటే మైండ్ మాస్టర్ (2019) ఉంది.

5. తర్వాత, కబుర్లు చెప్పే మాస్టర్ల దగ్గరికి వెళ్లండి

ఇక నీటిగుర్రం. మిఖాయిల్ తాల్ 1960లో బోట్విన్నిక్‌ని ఓడించి, 23 ఏళ్లకే ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. ఆయన పుస్తకం ద లైఫ్ అండ్ గేమ్స్ ఆఫ్ మిఖాయిల్ తాల్. తనే విలేకరిగా ప్రశ్న వేసి, తనే ఆటగాడిగా జవాబు చెబుతుంటాడు. ఒకసారి సోవియట్ ఛాంపియన్‌షిప్‌లో వాస్యుకోవ్‌తో ఆడుతూ, గుర్రాన్ని బలి ఇవ్వాలా వద్దా అని ఆలోచనలో పడ్డాడట. ఆ లైను చూశాడు, ఈ లైను చూశాడు, తల నిండా ఎత్తులు గుట్టలుగా పడ్డాయి. ఆ గుట్టలో నుంచి ఉన్నట్టుండి చుకోవ్‌స్కీ రాసిన పిల్లల గేయం ఒకటి తలెత్తింది. బురదలోంచి నీటిగుర్రాన్ని లాగడం ఎంత కష్టమో అన్న గేయం. అంతే, తాల్‌కి ఆట మీద ధ్యాస పోయింది. నిజంగానే దాన్ని ఎలా బయటికి లాగాలి? జాకీలు పెడితే? హెలికాప్టర్ తెస్తే? తాడు నిచ్చెన వేస్తే? ఇంజనీరుగా ఎంత ఆలోచించినా దారి దొరక్క, చివరికి "మునిగితే మునగనీ" అనుకున్నాడు. నీటిగుర్రం పోయింది. బోర్డు మీది గుర్రం సంగతి చూస్తే, ఇదంతా లెక్కపెట్టి తేలేది కాదని అప్పుడే వెలిగింది, బలి ఇచ్చేశాడు, గెలిచాడు. మర్నాడు పేపర్లో ఏం రాశారో తెలుసా? తాల్ 40 నిమిషాల పాటు నిశితంగా ఆలోచించి, పక్కాగా లెక్కగట్టి ఆ బలి ఇచ్చాడని.

ఈ పుస్తకాన్ని ఎలా చదవాలంటే, మొదటిసారి మాటలు మాత్రమే చదవండి. ఆటలు వచ్చినప్పుడల్లా పేజీ తిప్పేయండి. తప్పేం లేదు. పుస్తకం అయ్యాక, ఏ ఆట కథ మర్చిపోలేకపోయారో ఆ ఒక్క ఆట కోసం బోర్డు తీయండి.

ఈ బాపతువి ఇంకా ఉన్నాయి. నిమ్‌జోవిచ్ రాసిన మై సిస్టమ్ 1925 నాటి పాఠ్యపుస్తకమే అయినా భాష మహా సరదా. అడ్డులేకుండా దూసుకుపోయే బంటుని నేరస్తుడితో పోల్చి, తాళం వేసి ఉంచాలంటాడు. అటువంటి వాక్యాలు వేటాడుతూ చదవండి, సిద్ధాంతం తలకెక్కకపోయినా పట్టించుకోకండి. సైమన్ వెబ్ రాసిన చెస్ ఫర్ టైగర్స్ మామూలు క్లబ్ ఆటగాళ్ల కోసం రాసింది. మనకన్నా బలమైనవాణ్ణి చూసి ముడుచుకుపోకుండా ఇద్దరికీ అంతుపట్టని బురదలోకి దింపమంటాడు, మునిగితే ఇద్దరం మునుగుదామని. నేను ఆ సలహా పాటించి చాలాసార్లు ఒక్కణ్ణే మునిగాను. అయినా పుస్తకం మీద కోపం రాలేదు.

బ్రాన్‌స్టీన్ రాసిన జ్యూరిక్ 1953 గురించి అందరూ చెబుతారు. 15 మంది ఆటగాళ్లు, 210 ఆటలు, ఒక్కటీ వదలకుండా రాశాడు. గొప్ప పుస్తకమే, కానీ మొదటి పేజీ నుంచి పట్టుకుంటే మూడో రౌండ్‌కే అలసిపోతారు. మంచం పక్కన పెట్టుకుని ఎక్కడో ఒక చోట తెరిచి ఒక్క ఆట చదవండి. అలా చదివితే ఏళ్ల తరబడి వస్తుంది.

6. బోర్డు తీశాక ఒక్కో ఆటని మూడుసార్లు చదవండి

ఇప్పుడు తీయాల్సిన పుస్తకం ఇర్వింగ్ చెర్నెవ్ రాసిన లాజికల్ చెస్: మూవ్ బై మూవ్ (1957). 33 ఆటలు, ప్రతి ఎత్తుకీ వివరణ. ఈ4 వచ్చిన ప్రతిసారీ దాని గురించి మళ్ళీ చెబుతాడు. కొందరికి అది విసుగు, నాకైతే ఓపికగల మాస్టారు పక్కన కూర్చున్నట్టు ఉంటుంది.

ఏ పుస్తకంలోని ఆటైనా, మొదటిసారి ఆలోచించకుండా చివరిదాకా ఆడేయండి. ఐదు నిమిషాలు చాలు. బ్రాకెట్ల జోలికి పోకండి. ఎవరు గెలిచారో, ఎక్కడ మలుపు తిరిగిందో తెలుస్తుంది. రెండోసారి పుస్తకం మీద ఒక అట్టముక్క పెట్టి, ఎత్తు కనిపించకుండా మూసి, గెలిచినవాడి ఎత్తుని ఊహించండి. అన్నీ ఊహించక్కర్లేదు, ! గుర్తున్న చోట మాత్రమే. మూడోసారి, అదీ ఆ ఆట మీద మోజు తీరకపోతేనే, బ్రాకెట్లలోకి దిగండి.

ఇది పాతకాలపు అమెరికన్ ఆటగాడు పాల్ మార్ఫీ ఆటతో మొదలుపెట్టండి. చాలా పుస్తకాల్లో ఉంటుంది. 1858లో పారిస్ ఒపేరాలో, ఒక డ్యూక్, ఒక కౌంట్ కలిసి సంప్రదించుకుంటూ మార్ఫీతో ఆడారు. 17 ఎత్తుల్లో ముగిసింది. 15వ ఎత్తు అయ్యాక ఆగండి. నల్ల రాజు ఈ8లో ఉన్నాడు, పక్కన డీ7లో వాళ్ల గుర్రం కాపలా. తెల్లవారికి డీ1లో రూక్, జీ5లో బిషప్, బీ3లో క్వీన్. అట్టముక్క పెట్టి కాసేపు చూడండి. మార్ఫీ క్వీన్‌ని బీ8కి తోసి చెక్ చెప్పాడు. ఉత్త పుణ్యానికి ఇచ్చేశాడన్నమాట! గుర్రం దాన్ని చంపక తప్పదు. చంపాలంటే డీ7 వదలాలి. వదిలిన మరుక్షణం రూక్ డీ8కి దూసుకొచ్చింది, వెనక బిషప్ దన్ను ఉంది, మేట్. ఇప్పుడు బోర్డు చూడండి. తెల్లవారికి బంట్లు, రాజు పోను ఒక రూక్, ఒక బిషప్ మిగిలాయి. నల్లవారికి క్వీన్, రూక్, బిషప్, గుర్రం అన్నీ ఉన్నాయి. అందులో ఆ రూక్, ఆ బిషప్ ఆట మొదలైనప్పటి నుంచి కూర్చున్న చోట నుంచి కదల్లేదు. ఎన్నిసార్లు ఆడినా అక్కడికి వచ్చేసరికి నాకు నవ్వొస్తుంది.

ఫిషర్ స్వయంగా రాసిన మై 60 మెమొరబుల్ గేమ్స్ (1969) కూడా ఈ మూడుసార్ల పద్ధతిలోనే చదవాలి, కాకపోతే ఇంకొన్నాళ్లాగి. ఓడినవీ డ్రా చేసుకున్నవీ కూడా దాచకుండా పెట్టాడు. బ్రాకెట్లు మాత్రం దట్టంగా ఉంటాయి.

7. పజిల్ పుస్తకాన్ని రోజుకొక పేజీ చదవండి

రేమండ్ స్మల్యన్ 1979లో తెచ్చిన ద చెస్ మిస్టరీస్ ఆఫ్ షెర్లాక్ హోమ్స్‌లో "తెల్లవారు ఆడి రెండు ఎత్తుల్లో మేట్" లాంటివి ఉండవు. బోర్డు మీద పావులు చూసి, ఇంతకుముందు ఏం జరిగుంటుందో హోమ్స్ చెబుతాడు. చివరి ఎత్తు ఎవరిది, కనిపించని పావు ఎక్కడ చచ్చింది అని. బాగా ఆడేవాళ్లకి ఇందులో ప్రత్యేక లాభం ఏమీ లేదు, తర్కం ఇష్టమైతే చాలు.

స్టడీలని ఇంకో రకం ఉన్నాయి, కొద్ది పావులతో కావాలని కూర్చిన చిక్కుముళ్లు. రుచి చూడటానికి ఒకటి చెబుతాను. రిచర్డ్ రేటి 1921లో కూర్చినది, పావులు నాలుగే. తెల్ల రాజు హెచ్8లో, తెల్ల బంటు సీ6లో. నల్ల రాజు ఏ6లో, నల్ల బంటు హెచ్5లో. తెల్లవారి ఎత్తు, డ్రా చేయాలి. చూడగానే ఆశ వదులుకుంటాం. నల్ల బంటు పారిపోతోంది, తెల్ల రాజు దాన్ని అందుకోలేడు. సొంత బంటుని కాపాడుకుందామా అంటే అదీ దూరమే, పక్కనే నల్ల రాజు పొంచి ఉన్నాడు. రెండు పనుల్లో ఏ ఒక్కటీ కాదు. అయితే రెండూ ఒకేసారి చేస్తే?

రాజు ఐమూలగా దిగుతాడు: జీ7, ఎఫ్6, ఈ5. చదరంగం బోర్డు మీద ఒక చిత్రం ఉంది. నేరుగా దిగినా ఐమూలగా దిగినా నాలుగో వరసకి చేరడానికి రాజుకి నాలుగే అడుగులు. ఐమూల దారిలో వెళ్తే తన బంటుకి కూడా దగ్గరవుతున్నాడు. నల్ల రాజు ఆ బంటుని చంపడానికి ఆగాడా, ఆ ఆలస్యంలో తెల్ల రాజు ఎఫ్4కి వచ్చి హెచ్ బంటుని పట్టేస్తాడు. ఆగకుండా హెచ్ బంటునే నడిపాడా, తెల్ల రాజు సీ బంటు పక్కకి చేరి దాన్నీ క్వీన్ చేయిస్తాడు. ఎటు తిరిగినా డ్రా. నాలుగు పావులు పెట్టి ఒక్కసారి ఆడి చూడండి, చదివితే సరిపోదు.

ఇలాంటివి రోజుకి ఒకటి చాలు. పది చూస్తే పదీ కలిసిపోతాయి.

8. ఇంజన్ ఆఫ్‌లో ఉంచండి

ఇప్పుడు ఫోన్లో ఉన్న చెస్ ఇంజన్ కూడా పాత మాస్టర్ల తప్పులు క్షణంలో పట్టేస్తుంది. తాల్ బలుల్లో కొన్ని లెక్కకి నిలవవు కూడా. అది తెలుసుకోవడం తప్పు కాదు, కానీ చదువుతూ పక్కన ఇంజన్ పెట్టుకోవడం, సినిమా చూస్తుంటే పక్కవాడు క్లైమాక్స్ చెబుతూ ఉండటం లాంటిది. ఎదురుగా కూర్చున్న వాస్యుకోవ్ దగ్గర ఇంజన్ లేదు, గడియారం మాత్రమే ఉంది. ముందు ఆ ఇద్దరి మధ్య కూర్చుని చదవండి. వారం తర్వాత కావాలంటే ఇంజన్‌ని అడగండి.

9. నచ్చకపోతే వదిలేయండి

యాభై పేజీలు చదివినా రచయిత గొంతు వినిపించకపోతే పక్కన పెట్టండి. ఎంత పేరున్న పుస్తకమైనా సరే. మొహమాటం అక్కర్లేదు, పుస్తకం ఏమీ అనుకోదు. కొన్ని రెండేళ్ల తర్వాత తీస్తే నచ్చుతాయి. కొన్ని ఎప్పటికీ నచ్చవు.

నా సిసిలియన్ పుస్తకాన్ని మొన్న మళ్ళీ తీశాను. 34వ పేజీ చదివాను, 35కి వెళ్లలేదు. ఇప్పుడు దాన్ని ల్యాప్‌టాప్ కింద పెట్టుకుంటున్నాను. ఎత్తు సరిగ్గా సరిపోయింది.